హన్మయ్య సైకిల్లో గాలి

హనుమంతుడు సముద్రం దాటాడు. డిటెక్టివ్ హనుమాండ్లు ఉప్పల్ చౌరస్తా దాటడానికే రోజూ నలభై నిమిషాలు తీసుకుంటాడు. అక్కడ ఫ్లైఓవర్ స్తంభాలు లేచాయి గానీ ఫ్లైయింగూ లేదు, పని ఓవరూ కాలేదు. ఆ స్తంభాలకు ఎదురుగా జిరాక్సు షాపు మీద ఆయన ఆఫీసు. బోర్డు మీద 'రహస్య విచారణలు' అని ఉంటుంది. లోపల మాట్లాడేది కింద జిరాక్సు తీసుకునేవాడికి కూడా వినిపిస్తుంది కాబట్టి రహస్యాలకు కాపీలు ఉచితం.

ఏప్రిల్ ఆఖరులో, ఒక శుక్రవారం పొద్దున పదింటికి, మెట్ల కింద ఒకామె సైకిలు పట్టుకుని నిలబడింది. పైకి రమ్మంటే రాలేదు. చేయి తీస్తే సైకిల్ని ఎవరైనా ముట్టుకుంటారని ఆమె భయం. అసిస్టెంటు ప్రవీణ రెండుసార్లు దిగి పిలిచింది. చివరికి డిటెక్టివే దిగొచ్చాడు.

"నా పేరు సాలమ్మ సార్. చిలకానగర్ల ఉంటం. మంగళవారం మా ఆయన హన్మయ్య పోయిండు. గీ సైకిల్ మీదికెల్లే పడి."

"పోలీసులేమన్నరు?"

"టైర్లల్ల గాలి తక్కువుండె, జారి పడ్డడు, తలకాయ రాయికి కొట్టుకున్నది అని రాసిన్రు. నేను కాదంటలేను. ఆయనెట్ల పోయిండో నాకు అక్కర్లే. నా బిడ్డ దక్కితే సాలు." ఆమె హ్యాండిల్ ఇంకా గట్టిగా పట్టుకుంది. "దినాం పొద్దుగాల గాలి కొట్టేది నా బిడ్డనే సార్. ఆ ఒక్కనాడు కొట్టలే. నాన్నను నేనే సంపిన అంటది. నిన్న మాపటీలి మిద్దె మీదికెక్కి అంచుకు నిలబడ్డది. పక్కింటోళ్లు సూసి పట్టుకున్నరు. రేపు ఎవరు సూడాలె?"

ప్రవీణ కూర్చోమని స్టూలు తెచ్చింది. సాలమ్మ కూర్చోలేదు.

హనుమాండ్లు వంగి ముందు టైరును బొటనవేలితో నొక్కాడు. వేలు అరంగుళం దిగింది. వెనక టైరూ అంతే. పూర్తిగా కూర్చోలేదు, అలాగని తొక్కేంత గట్టిగానూ లేవు. రెండూ ఒకే మెత్తన.

"పడ్డంక ఎవరన్న గాలి కొట్టిన్రా, తీసిన్రా?"

"ఎవ్వరం ముట్టలే. పోలీసులు మా తమ్ముడు దుర్గేష్‌కు ఇస్తే, వాడు కంపెనీ ట్రాలీ ఆటోల ఏసుకొచ్చి ఇంట్ల దింపిండు. ఇయ్యాల నేను తోసుకుంట తెచ్చిన."

"గాలివార్తలు ఊరంత నమ్ముతది ప్రవీణా," అన్నాడు హనుమాండ్లు లేస్తూ. "గాలి చెప్పే వార్త ఎవడూ వినడు. రాసుకో, రెండు టైర్లు, ఒకే తీరు మెత్తగ."

ప్రవీణ రాసుకుంది. ఆయన జోకుల్ని కూడా రాసుకుంటుందామె. ఎందులో ఏ ఆధారం ఉంటుందో చెప్పలేమని ఆమె నమ్మకం.

*

చిలకానగర్‌లో సాలమ్మవాళ్లది రెండు గదుల ఇల్లు. కూతురు గౌతమి గోడకు ఆనుకుని కూర్చుంది. డిగ్రీ రెండో సంవత్సరం. కళ్లు వాచి ఉన్నాయి. గుమ్మం పక్కన నిలబెట్టిన గాలిపంపు వైపు మాత్రం చూడడం లేదు.

"దినాం ఎంత కొడ్తవ్ బిడ్డా?" అన్నాడు హనుమాండ్లు, ఏదో మామూలు సంగతి అడిగినట్టు.

"ముందల ఇరవై, వెనక ముప్పై. బరువంత వెనకనే పడ్తదని నాన్న చెప్పిండు. బొటనేలుతోని ఒత్తితే లోపలికి పోవద్దు. మెత్తటి బండి తొక్కితే మోకాళ్లు పోతయ్, ట్యూబు నలుగుతది అంటడు." ఆమె ఆగింది. "అంటుండె."

"మంగళవారం ఏమైంది?"

"లేసే ఉన్న. దుప్పటి కప్పుకొని పండుకున్నట్టు చేసిన. నాన్న పంపు కాడికొచ్చి జరసేపు నిలబడ్డడు. సప్పుడైతే నేను లేస్తననేమో, కొట్టుకోలే. అట్లనే తోలుకపోయిండు."

"ఎందుకొచ్చింది కోపం?"

గౌతమి గోడ వైపు తిరిగింది. అటే చూస్తూ చెప్పింది. "ముందటి రోజు ఐడీ కార్డు మర్చిపోయిన. అది ఇయ్యనీకి డ్యూటీ దిగి ఎండల కాలేజీ గేటు కాడికొచ్చిండు. చెమటలు గార్కుంట, గా సైకిల్ మీద. నా దోస్తులు నవ్విన్రు. ఇంకోపారి గిట్ల రాకు, నా ఇజ్జత్ పోతున్నదన్న."

"ఏమన్నడు?"

"మంచిది బిడ్డా అన్నడు."

సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మనసు కష్టమైంది సార్ ఆయనకు. అన్నం గూడ తినలే. డబ్బ హ్యాండిల్‌కే వేలాడబడి ఉండె. తెరిస్తే ముద్ద ముట్టలే."

గౌతమి మోకాళ్లలో తల దాచుకుంది. తల్లి ఆ మాట అనాలని అనలేదు. కానీ అనేసింది.

"ఎన్ని గంటలకు తింటడు?" అన్నాడు డిటెక్టివ్.

"పన్నెండు కొట్టంగనే. షుగరున్నది. జర లేటయితే చేతులు వణుకుతయ్. అలిగి పండుకున్న పొద్దు గూడ టైముకు తినేటోడు."

హనుమాండ్లు అసిస్టెంటు వైపు చూశాడు. ఆమె అప్పటికే రాసేసింది: 'షుగర్. పన్నెండు.'

*

ఏళ్ల తరబడి గట్టి టైర్ల మీద తిరిగినవాడు మెత్తటి టైర్లతో నాలుగు కిలోమీటర్లు పోడు. దారిలో పంపు ఎక్కడుందో అతనికి తెలిసే ఉంటుంది. ఈ లెక్కన చిలకానగర్ నుంచి నాచారం దాకా హనుమాండ్లు ఆ సైకిల్ని తోసుకుంటూ నడిచాడు. పక్కన ప్రవీణ. షేర్ ఆటోలవాళ్లు "ఎక్కుతరా సార్" అంటూ ఆగి, సైకిల్ని చూసి వెళ్లిపోయారు. నాచారంలో పారిశ్రామికవాడకు మళ్లే మూల మీద రాజయ్య రిపేరు షాపు ఉంది. షాపంటే ఒక రేకు, ఒక నీళ్ల టబ్బు, స్తంభానికి గొలుసుతో కట్టిన ఒక పంపు.

"పంపు ఎప్పుడూ బయటనే ఉంటదా?" అన్నాడు హనుమాండ్లు.

"పొద్దటి షిఫ్టోళ్లకు సార్. నేను దుకాణం తీసేది తొమ్మిదింటికి. పండేది ఈడనే." రాజయ్య సైకిల్ని చూడగానే చేతిలో పానా కింద పెట్టేశాడు. "హన్మయ్య బండి గదా ఇది."

"మంగళవారం వచ్చిండా?"

"వచ్చిండు. తెల్లారి ఆరింటికి పావుగంట తక్కువుండె. ఊడ్చుకుంటున్న. రెండు టైర్లకు గట్టిగ కొట్టుకున్నడు. బిడ్డ కొట్టలేదా బావా అన్న. నా మీద అలిగింది, తప్పు నాదే, చెమట బట్టలతోని పిల్ల కాలేజీకి పోవద్దుండె అన్నడు. నవ్వుకుంటనే అన్నడు."

ప్రవీణ పెన్ను ఆగిపోయింది. "సార్, అంటే ఆ పిల్ల..."

"ఆగు. పిల్ల కొట్టలే, తండ్రి కొట్టుకున్నడు. మరి మధ్యాహ్నానికి మెత్తగెందుకైనయ్? చిల్లుంటే పోతది, వాల్వు పాడైతే పోతది. గది సూడు రాజయ్యా."

రాజయ్య రెండు ట్యూబులు బయటికి లాగి గాలి ఎక్కించి టబ్బులో ముంచాడు. అంగుళం అంగుళం తిప్పాడు. ఒక్క బుడగ లేదు. వాల్వులు ఊడదీసి చూపించాడు. లోపలి రబ్బరు కొత్తది, పగులు లేదు. తిరిగి బిగించి రాయిలా గాలి కొట్టించి, హనుమాండ్లు రెండు వాల్వుల మీదా కాగితం చుట్టి సంతకం పెట్టాడు. సైకిలు ఆఫీసు చేరింది. రోజుకు రెండుసార్లు టైర్లు నొక్కి చూడడం ప్రవీణ పని.

*

శనివారం ఇద్దరూ భ్రమర ప్లాస్టిక్స్‌కు వెళ్లారు. బకెట్లు, మగ్గులు పోసే చిన్న ఫ్యాక్టరీ. హన్మయ్య పద్నాలుగేళ్లు పనిచేసింది అక్కడే. మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు శవం దొరికింది దాని వెనక గోడ పక్క రోడ్డు మీదే.

గేటు లోపల నాలుగు సైకిళ్లు మండుటెండలో నిలబడి ఉన్నాయి. పక్కన నీడ షెడ్డు ఉంది గానీ దానినిండా ప్లాస్టిక్ బస్తాలు. ప్రవీణ అలవాటుగా ఒక టైరు నొక్కి చూసి, ఇంకోటి నొక్కి, నాలుగూ నొక్కింది. "అన్నీ మెత్తగనే ఉన్నయ్ సార్."

వాచ్‌మన్ మొగిలయ్య నవ్వాడు. "గాలి ఇడిసిపెడ్తరమ్మా. గీ ఎండల నిండుగుంటే ట్యూబు పేలుతది. షెడ్డుల బస్తాలు పెట్టినకాన్నుంచి అందరిదీ గిదే పని. వచ్చినప్పుడు ఇడుస్తరు, దిగినప్పుడు గా కంప్రెషర్ పైపుతోని కొట్టుకొని పోతరు. హన్మయ్యయితే ఇంటికి పోయినంక గూడ మళ్ల ఇడుస్తుండె, ఆడ గూడ నీడ లేదంట."

గేటు పక్కనే నల్లటి పైపు వేలాడుతోంది.

"మంగళవారం హన్మయ్య గేటు దాటి పోవుడు చూసినవా?" అన్నాడు హనుమాండ్లు.

"లేదు సార్. గానాడు బకెట్ల అచ్చు మార్చే పని. మిషన్లు బంద్. హన్మయ్య, దుర్గేష్, ఓనర్ సార్, నేను, గంతే. గేటు కాడ కంప్రెషర్ చప్పుడుల నాకు లోపలిది ఏం వినబడది. ఒంటిగంటకు ఓనర్ సార్ నన్ను ఉప్పల్ పోయి బిర్యానీ తెమ్మన్నడు. వచ్చేసరికి రెండున్నర."

"దినాం తెస్తవా?"

"ఎనిమిదేండ్లల్ల గదే మొదలు. తెచ్చినంక ఆయన తినలే, దుర్గేష్ తినలే. నువ్వే ఇంటికి తీస్కపో అన్నరు."

ఓనర్ గోవర్ధన్ మర్యాదగానే లోపలికి పిలిచాడు. ఆ నేల వాళ్ల తాతలది. "అప్పుడు ఈడ జొన్నలు పండించినం, ఇప్పుడు బకెట్లు పండిస్తున్నం," అన్నాడు. మిషన్ల హాల్లో దూలానికి ఒక చైన్ పుల్లీ వేలాడుతోంది. మణుగుల బరువుండే ఇనప అచ్చుల్ని లేపేది అదే. దూలానికి తుప్పు, పుల్లీకి తుప్పు. చైను మాత్రం తళతళలాడుతోంది.

"చైను పెళ్లికొడుకు లెక్కున్నది," అన్నాడు హనుమాండ్లు. "చుట్టాలే ముసలోళ్లు."

"మెయింటెనెన్స్ అన్నా. ఒక్కొక్కటి మారుస్తుంటం."

సూపర్‌వైజర్ దుర్గేష్‌కు ముప్పై ఏళ్లుంటాయి. సాలమ్మకు సొంత తమ్ముడు. ఆ ఉద్యోగం హన్మయ్య మాట మీదే దొరికింది.

"ఆఖరిసారి బావను చూసింది నువ్వేనా?" అడిగాడు డిటెక్టివ్.

"నేనే సార్. రెండింటికి డ్యూటీ దిగిండు."

"ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు. దినాం లెక్కనే గేటు కాడ పైపుతోని రెండు టైర్లకు గాలి కొట్టుకున్నడు. డబ్బ తగిలిచ్చుకొని, పోతున్నరా అని చెయ్యి ఊపిండు. గదే..." దుర్గేష్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే. ప్రవీణ అది కూడా రాసుకుంది.

*

సోమవారం పొద్దున ఫ్యాక్టరీ వాకిట్లో అందరూ చేరారు. ఎస్సై విక్రమ్‌ను హనుమాండ్లే బతిమాలి పిలిపించాడు. గోవర్ధన్ కుర్చీలో, దుర్గేష్ అతని వెనక. మొగిలయ్య, రాజయ్య గోడ పక్కన. సాలమ్మ కూతురి చేయి వదలకుండా నిలబడింది. ప్రవీణ సైకిల్ని తెచ్చి మధ్యలో స్టాండు వేసింది.

"ఒత్తి సూడున్రి సార్," అన్నాడు హనుమాండ్లు ఎస్సైతో. "కాగితం మీద నా సంతకం అట్లనే ఉన్నది. శుక్రవారం కొట్టిన గాలి."

విక్రమ్ నొక్కాడు. టైరు లొంగలేదు.

"మంచి ట్యూబులు. మంచి వాల్వులు. మంగళవారం తెల్లారి హన్మయ్య గిదే తీరుగ గట్టిగ కొట్టుకున్నడు. రాజయ్య చూసిండు. బిడ్డా, నువ్వు కొట్టకున్నా నాన్న బండి మెత్తగ ఏం లేకుండె. విన్నవా? నవ్వుకుంట, తప్పు నాదే అనుకుంట, నాన్ననే కొట్టుకొని వచ్చిండు."

గౌతమి రాజయ్య వైపు చూసింది. రాజయ్య తల ఊపాడు. 

"ఈ గేటు లోపలికి వచ్చేదాంక టైర్లు రాయి. రోడ్డు మీద దొరికినప్పుడు మెత్తన. నడుమ గాలి ఎవరో చేత్తోని తీసిన్రు. ఎవరో కాదు, హన్మయ్యనే. గీ ఎండల బండి పెట్టేటోళ్లందరు చేసే పనే. మళ్ల కొట్టుకునేది డ్యూటీ దిగినంక. ఆనాడు కొట్టుకోలే. ఎందుకంటే ఆయన డ్యూటీ దిగలే."

"మర్చిపోయి ఉండొచ్చు కదా," అన్నాడు విక్రమ్.

"ఉండొచ్చు సార్. నేను గూడ గదే అనుకుందును. కానీ కొట్టుకున్నడని కండ్లతోని చూసినోడు ఒకడున్నడు." హనుమాండ్లు దుర్గేష్ వైపు తిరిగాడు. "రెండింటికి పైపుతోని రెండు టైర్లకు కొట్టుకున్నడన్నవ్. అట్ల కొట్టుకుంటే రెండున్నరకు గీ ట్యూబులు మెత్తగ కావు. అర్ధగంట కాదు, మూడొద్దులైనా కావు. నువ్వు ఎప్పుడు చూసేదే నోటికొచ్చింది తమ్మీ. దినాం జరిగేదే ఆ ఒక్కనాడు జరగలే."



"డబ్బ సంగతి గూడ చెప్త. షుగరున్న మనిషి పన్నెండింటికి తినాలె. అలిగినా తింటడు. తినలే అంటే పన్నెండుకు తినే స్థితిల లేడు. అంతకు ముందే అయ్యేది అయింది. ఏమైందో గా పుల్లీకి కట్టిన కొత్త చైను చెప్తది, పాతది దొరికితే ఇంకా మంచిగ చెప్తది. ఒంటిగంటకు గేటు ఖాళీ కావాలె గాబట్టి మొగిలయ్య బిర్యానీకి పోయిండు. మనిషిని, సైకిల్‌ను ట్రాలీల ఏసి వెనక రోడ్డుకు దించిన్రు. డబ్బను హ్యాండిల్‌కు తగిలిచ్చిన్రు, తెరిచి సూడలే. టైర్లు మెత్తగుండుడు సూసి, జారిపడ్డడంటే సరిపోతది అనుకున్నరు. షిఫ్టు అయిపోయే టైముకు మనిషినే షిఫ్టు చేసిన్రు."

ఎవరూ నవ్వలేదు. ప్రవీణ కూడా ఆ మాట రాసుకోలేదు.

గోవర్ధన్ కుర్చీలోంచి కదలకుండా అన్నాడు. "సైకిల్ల గాలి సూసి నన్ను జైల్ల ఏస్తవా అన్నా? ఎస్సై సాబ్, గిది కేసేనా?"

విక్రమ్ దుర్గేష్‌నే చూస్తున్నాడు. దుర్గేష్ మాత్రం అక్కనే చూస్తున్నాడు.

"పది గంటలప్పుడు తెగింది అక్కా," అన్నాడు. "అచ్చు లేపుతున్నం. చైను అరిగిందని బావ నెల కిందనే చెప్పిండు. సార్ ఇంకో నెల నడువనీ అన్నడు. బాగుందని కాగితం మీద సంతకం నాతోని పెట్టిచ్చిండు. తెగి, అచ్చు అంచు బావ తలకు తాకింది. దవాఖానకు తోల్కపోదమన్న. పోతే పోలీసులొస్తరు, సంతకం నీది, లోపలికి పోయేది నువ్వు అన్నడు సార్. గోడౌన్ల పండబెట్టినం. జరసేపు సూద్దం, లేస్తడేమో సూద్దం అన్నడు."

"దవాఖాన ఎంత దూరం?" అన్నాడు విక్రమ్.

"ట్రాలీల అయిదు నిమిషాలు."

"అప్పుడు ఊపిరి ఉన్నదా?"

దుర్గేష్ గోడౌన్ వైపు చూశాడు. "ఒంటిగంట దాంక మూలిగిండు."

వాకిట్లో కంప్రెషర్ నడుస్తూనే ఉంది. మొగిలయ్య వెళ్లి దాన్ని ఆపేశాడు.

సాలమ్మ తమ్ముడి ముందుకు వచ్చింది. కొడుతుందేమోనని విక్రమ్ చేయి అడ్డం పెట్టబోయాడు. ఆమె కొట్టలేదు.

"మంచినీళ్లన్న పోసినవారా బావకు?"



కానిస్టేబుళ్లు వచ్చారు. తుక్కు కుప్పలో అరిగి తెగిన పాత చైను దొరికింది. గోవర్ధన్ ఫోన్లో లాయరుతో మాట్లాడుతూనే జీపెక్కాడు. దుర్గేష్‌ను వాళ్లే ఎక్కించాల్సి వచ్చింది.

హనుమాండ్లు గౌతమి దగ్గరికి నడిచాడు. సాలమ్మ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది ఈ ఒక్క మాట కోసమే.

"నీ తప్పు ఇంత గూడ లేదు బిడ్డా. ఇగ ఎవరన్నా, నువ్వే అన్నా, నమ్మకు."

"తెలిసింది సార్," అంది గౌతమి. ఆ గొంతులో ఏడుపు లేదు. "నేనే సంపిన అనుకున్నప్పుడు, పడంగనే పానం పోయింది అనుకున్న. నాన్నకు నొప్పి తెల్వలే అనుకున్న. గది ఒక్కటి ఉండె నాకు." ఆమె గోడౌన్ తలుపు వైపు చూసింది. "ఇప్పుడు గీ మూడు గంటలు నేనేడ పెట్టుకోవాలె?"

హనుమాండ్లు దగ్గర ప్రతిదానికీ ఒక మాట ఉంటుంది. ప్రవీణ పెన్ను పట్టుకుని ఎదురుచూసింది. ఆయన వంగి సైకిల్ స్టాండు తీశాడు. ఆమె పుస్తకం మూసేసింది.

సాలమ్మే కూతురి భుజం మీద చేయి వేసింది.

"నడువ్ బిడ్డా. ఇంటికి పోయి ఏడుద్దం. ఇన్నొద్దులు నువ్వొక్కదానివే ఏడ్చినవ్."